తాడు పక్కన చోటు

ఎనభై ఏడులో దసరానాడు పొద్దున్నే నిమ్‌పురా రైల్వే క్వార్టర్‌లో గొడవ మొదలైంది. సాయంత్రం మైదానంలో రావణాసురుడి బొమ్మని కాల్చేటప్పుడు బాణసంచా ఎక్కడ కూర్చుని చూడాలన్నదే ఆ గొడవ.

"ఈయేడు ముందర జనానికి అడ్డం కట్టే తాడు పక్కనే కూకుందాం," అన్నాడు దేముడు, టీ గ్లాసు దించకుండానే.

అప్పలకొండ తెల్లబోయింది. ఏటా మైదానం వెనకాల గట్టు మీద చోటు చూపించేది తన మొగుడే. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ రాని చోట దుప్పటి పరిపిస్తాడు. క్వార్టర్ల లైన్లో వాళ్లంతా ఆయన్ని అడిగే బయల్దేరతారు.

"పొగలో పిల్లకి ఆయాసమొస్తాది. ఏటి మావా, మతి గాని పోయిందా?"

"సెప్పినాను గదా! రానోలు ఇంట్లో ఉండండి."

గోల్‌బజార్‌లో కొన్న కొత్త గౌను పట్టుకుని రత్నం బిక్కమొహం వేసింది. యార్డులో వ్యాగన్లని అటూ ఇటూ మార్చే షంటింగ్ ఇంజను నడిపే మనిషికి, పెళ్లాం మీద కసురుకోవడం కొత్తేమీ కాదు. కూతురి విషయంలో మాత్రం ఇంత మొండిగా ఎన్నడూ లేడు. ఈ మనిషికి ఏ పురుగు కుట్టిందోనని సణుక్కుంటూనే అప్పలకొండ పూరీలు మూట కట్టింది.

సాయంత్రం తాడు పక్కనే కూర్చున్నారు. అప్పలకొండ తమ్ముడు సింహాచలం అలవాటు ప్రకారం గట్టు మీద చోటు పట్టి, అక్కణ్ణుంచే చెయ్యి ఊపాడు. దేముడు అటే చూస్తున్నాడు గానీ తిరిగి ఊపలేదు.

మొదటి జువ్వ లేచింది. పేలగానే రంగు ముందెవరు చెబితే వాళ్లు గెలిచినట్టు. తండ్రీ కూతుళ్లది పాత ఆట.

"నీలం!" అంది రత్నం దగ్గుతూనే.

"నీలం," అన్నాడు దేముడు.

"పసుపు!"

"పసుపే."

ఏటా అందరికంటే ముందు అరిచే మనిషి, ఇవాళ పిల్ల వెనకాలే అంటున్నాడు. అప్పలకొండకి అనుమానం వచ్చింది. ఇంకో జువ్వ లేవగానే కూతురి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. చుట్టూ జనం మొహాల మీద ఆకుపచ్చ వెలుగు పరుచుకుంది.

"ఇదేటి రంగు మావా?"

దేముడు కళ్లు చికిలించి ఆకాశంలోకి చూశాడు. "ఎరుపు," అన్నాడు చివరికి.

రోజూ వ్యాగన్ల మధ్య దూరి కొక్కేలు తగిలించేది సింహాచలమే. ఆగమని ఎర్ర లాంతరూ, రమ్మని పచ్చ లాంతరూ చూపించేదీ వాడే.

"నా తమ్ముడు మావా! నీ ఇంజను ముందరుండేది నా తమ్ముడు!"

దేముడు తల దించుకున్నాడు. "ఈయేడు కళ్లు మసకేసీసి ఎరుపూ పచ్చా తేడా తెలడం లేదు. కళ్ల పరీచ్చలో ముందోడు సదూతుంటే ఇని, అచ్చరాలు బట్టీ పట్టీసినాను. ఇంజను దించీత్తారని బయ్యం. దగ్గిరికొత్తే అయినా కనపడతాదేమో సూద్దామనే ఇక్కడ కూకున్నాను, కొండా."

అంతటి మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాలుగు మాటలు గట్టిగా అందామనుకున్న అప్పలకొండ కొంగుతో ఆయన మొహం తుడిచింది. చెయ్యి పట్టుకుని లేపి, రత్నాన్నీ వెంటబెట్టుకుని పొగలోంచి గట్టు దాకా నడిపించింది.

"ఇంత ఆలీసమేటి బావా? రా, కూకో," అన్నాడు సింహాచలం దుప్పటి మీద జరిగి.

దేముడు కూర్చోలేదు. "రేపు నువ్వు బళ్ల మద్దిలోకి దిగొద్దురా. నాను ఇంజనెక్కను. ఆస్పత్రికెల్లి నిజం సెప్పీత్తాను."

సింహాచలం అక్క మొహంలోకి చూశాడు. బావ భుజం పట్టి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

రావణుడు అంటుకున్నాడు. రత్నం తండ్రి ఒళ్లోకి జరిగింది. "ఇప్పుడు ఎరుపు నాన్నా," అంది మెల్లగా. ఆ తర్వాత ఆకాశంలో విరిసిన ప్రతి రంగూ పిల్లే చెప్పింది. దేముడు ఒక్కటీ తిరిగి అనలేదు, వింటూ కూర్చున్నాడు.