రెండో దీపం

"ఏమండోయ్! నా ఇంట్లో సిగరెట్టు వెలిగిస్తున్నారా?"

ఫెన్నా నాతో అన్న మొదటి మాట అది. లైటర్ పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డ నేను అడ్డంగా దొరికిపోయాను.

"సిగరెట్టు కాదండీ. అద్దం చూస్తున్నాను."

"అద్దం చూసుకోవడానికి లైటరెందుకు? ముఖం అంత చీకటిగా ఉందా?"

నోరా అది! అయినా నాకు కోపం రాలేదు, అదే విచిత్రం.

"ఇలా రండి, మీరే చూడండి" అన్నాను. "అద్దంలో ఎన్ని దీపాలు కనబడుతున్నాయి?"

కళ్ళు చికిలించి లెక్కపెట్టింది. "నాలుగు."

"రెండు పలకల అద్దం, పలకకి రెండు ముఖాలు, అందుకని నాలుగు. లోపల వెండి పూత ఉంటే వాటిలో ఒక దీపం ఎర్రగా కనబడుతుంది. పూత మామూలుగా కంటికి కనబడదు కానీ గదిలో వేడిని బయటికి పోనివ్వదు. అలాంటి అద్దమైతే మార్చక్కర్లేదు."

"నాలుగూ పసుపే కదా! మా నాన్న బిగించిన అద్దాలండీ ఇవి. ఆయనలాగే, లోపల ఏ పూతా లేదు."

నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వాళ్ళ నాన్న హబ్బో మా లేర్ ఊళ్ళో సగం కిటికీలు బిగించినవాడు. పొద్దున "మొయిన్", రాత్రి "మొయిన్" (వచ్చినా వెళ్ళినా మా పలకరింపు అదే), మధ్యలో మాటలకి కరువు. జర్మనీ ఉత్తరాన మా తూర్పు ఫ్రీజియాలో మగాళ్ళంతా అంతే, ఆయన ఇంకో నాలుగాకులు ఎక్కువే చదివాడు. పోయిన చలికాలంలో చనిపోయాడు. తల్లి అంతకుముందే పోయింది. బ్రేమెన్‌లో ట్రామ్ నడిపే ఈ ఒక్క కూతురూ ఇల్లు అమ్మేద్దామని వచ్చింది. కిటికీలు మారిస్తేనే కొంటామన్నారట కొనేవాళ్ళు. ఆ పనికే నన్ను పిలిచింది.

కొలతలు తీసుకున్నాక టీ ఇచ్చింది. మా వైపు మూడు కప్పులు తాగకుండా లేస్తే తప్పు. చాలనుకుంటే చెంచా కప్పులో పెట్టాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. నేను చెంచా పెట్టలేదు. నాలుగు పోసింది, అయిదు పోసింది.

"త్యార్క్ గారూ, కొలతలకొచ్చారా, కెటిల్ ఖాళీ చెయ్యడానికొచ్చారా?"

"రెండింటికీ."

మర్నాడు వంటింటి కిటికీ కొలత తప్పిందని వెళ్ళాను. తరవాత హాలు కిటికీ. ఆ తరవాత మళ్ళీ వంటిల్లే.

"ఒకే కిటికీని ఇన్నిసార్లు కొలిచే మొనగాణ్ణి ఎక్కడా చూళ్ళేదు" అంది. "పెరుగుతోందా ఏంటి, పసిపిల్లలాగా?"

"వానకి ఉబ్బిందేమో."

"ఉబ్బింది నీ బుర్ర" అంది. అప్పటికి గారు పోయింది, మీరు పోయింది. నాకు లోపల పండగే.

పైన ఒక గది మాత్రం తాళం తియ్యలేదు. "అది నా గది. చూడక్కర్లేదు, పీకి పారెయ్" అంది.

"చూడకుండా ఎలా? ఎందుకంత కోపం దానిమీద?"

లేచి కెటిల్ మళ్ళీ పొయ్యిమీద పెట్టింది. చివరికి చెప్పింది. "అమ్మానాన్నల గదిలో హీటర్ మీట మూడు మీద ఉండేది. నా గదిలో ఒకటి. నేను పెంచితే వచ్చి తిప్పేసేవాడు. అదేంటి నాన్నా అంటే, 'నీ గదికి అక్కర్లేదు' అనేవాడు. నాకేం వినబడేదో తెలుసా? నువ్వక్కర్లేదు అని. పదిహేడేళ్ళకి ఇల్లొదిలేశాను. నాన్నని చూడ్డానికి రమ్మని ఆస్పత్రి నుంచి ఫోనొస్తే డ్యూటీలో ఉన్నానన్నాను. ఆరోజు నాకు డ్యూటీ లేదు, త్యార్క్."

నేను తాళంచెవి అడిగాను. ఈసారి ఇచ్చింది.

నవంబరు సాయంత్రం, బయట చినుకు. పైగదిలో చిన్న మంచం, గోడకి గుర్రాల బొమ్మలు. లైటర్ వెలిగించి అద్దానికి దగ్గరగా పెట్టాను. మొదటి దీపం పసుపు. రెండోది ఎరుపు. మూడు, నాలుగు పసుపు.

నమ్మలేక పక్కరెక్క చూశాను. అక్కడా రెండోది ఎరుపే.

"ఫెన్నా, చూడు."

చూసింది. "అంటే?"

"పూత ఉంది. ఇల్లంతా మామూలు అద్దం, ఈ గదికి మాత్రం వెచ్చటి అద్దం. అద్దం చేసిన సంవత్సరం చట్రంలో ఉంది, అప్పటికి నీకు నాలుగేళ్ళుండి ఉంటాయి. ఆ రోజుల్లో ఇది కొత్త సరుకు. ఇల్లంతటికీ వేసుకునే స్తోమత ఎవరికుంది? నీకు అప్పుడు ఒంట్లో బాగుండేది కాదా?"

"ఆయాసం" అంది మెల్లగా. "హీటర్ ఎక్కువైతే దగ్గు ఆగేది కాదు."

"అందుకే ఒకటి మీద పెట్టాడు. నిజం చెప్పు, ఈ గదిలో నీకెప్పుడైనా చలేసిందా?"

మంచమ్మీద కూలబడింది.

"లేదు" అంది. "ఒక్కసారి కూడా లేదు. ఒకటి మీద ఉందని ఏడ్చానంతే."

ఇక ఏడుపు ఆగలేదు. "నీకోసమేనే తల్లీ అని ఒక్క మాట అంటే నోరు అరిగిపోతుందా? ఆ ఫోన్‌కి వచ్చేదాన్ని కదా... పరిగెత్తుకుని వచ్చేదాన్ని కదా!"

పోయినవాడు రాడు. కానీ ఒక భయం పట్టుకుంది నన్ను. నేనూ ఆ జాతివాణ్ణే. రేపు ఈ పిల్ల రైలెక్కితే ప్లాట్‌ఫారమ్మీద నిలబడి "మొయిన్" అనేసి ఇంటికొచ్చేస్తాను.

"ఫెన్నా, నేను కొలతలెప్పుడూ తప్పు తీసుకోలేదు. నువ్వంటే ఇష్టం, అందుకే వచ్చాను."

తలెత్తింది. ముక్కు ఎర్రబడి ఉంది. "ఇప్పుడా చెప్పేది?"

"చెప్పకపోతే ఏమవుతుందో ఇప్పుడే కదా చూశాను."

నా చేతిలో లైటర్ తీసుకుని అద్దం దగ్గరికెళ్ళి వెలిగించింది. అద్దంలో నాలుగు దీపాలూ లేచాయి. ఆ ఎర్రదాన్నే చూస్తూ "మొయిన్, నాన్నా" అంది.

కిందికి దిగుతూ "మిగతావి మార్చు. దీన్ని ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను" అంది.

"కొనేవాళ్ళు ఒప్పుకోవద్దూ?"

"ఎవరు కొంటారు? ఎవరమ్ముతున్నారు?"

వంటింట్లో టీ పోసింది. కళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడం కూడా మానేసింది. మూడో కప్పు అయ్యాక, నేను చాలనే వీల్లేకుండా, నా సాసర్లో చెంచా తీసి తన జేబులో వేసుకుంది.