ఎనిమిదింపావు గీత

"రోజూ పొద్దున ఎనిమిదింపావుకు నా అద్దం దగ్గరికి ఎవరొస్తున్రు?"

బంతితోటలో పూలు తెంపుతున్న జితేందర్ తలెత్తి చూశాడు. గట్టు మీద స్నిగ్ధ నిలబడి ఉంది. చేతిలో గ్రాఫు కాగితాలు, ముక్కు మీద కోపం.

చేవెళ్ల కుర్రాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోర్సులంటూ అమీర్‌పేట బస్సెక్కుతున్న రోజులవి. స్నిగ్ధ మాత్రం హైదరాబాద్ నుంచి ఇటు బస్సెక్కింది, గాలిని కొలవడానికి! జితేందర్ వాళ్ల డాబా మీద మిషను, తోట చివర అద్దం పెట్టింది. కంటికి కనబడని కిరణం మిషను నుంచి పోయి, అద్దానికి తగిలి తిరిగొస్తుంది. దారిలో ఒక్కో వాయువు ఆ కిరణంలో తన వంతు మింగేస్తుంది. ఏ వంతు తగ్గిందో చూస్తే గాలిలో ఏది ఎంతుందో తెలిసిపోతుంది. కిరణం సంగతి సరే, నెల రోజులుగా జితేందర్ చూపు కూడా డాబా దాకా పోయి తిరిగొస్తూనే ఉంది.

"ఏమైంది మేడం?"

"రోజూ అదే టైముకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి రెండూ లేస్తున్నయి. సోమవారం మా సార్ వస్తరు. రీడింగులు గిట్లనే ఉంటే మిషను షాబాద్‌కు మారుస్తరు. నేను గూడ పోవాలె."

జితేందర్ చేతిలోని గంప జారి పూలన్నీ నేలపాలయ్యాయి.

"నేనే మేడం. అద్దం సాఫ్ ఉండాలన్నరు గదా? మంచు పడి దుమ్ము అంటుకుంటున్నది. రోజూ 'హా' అని ఊది రుమాలుతో తుడుస్తున్న."

"ఊదుతున్నరా! అంటే నెల నుంచి నేను కొలుస్తున్నది మీ ఊపిరా?" స్నిగ్ధకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "జర మీకు దండం పెడత. ఇగ అటు దిక్కు రాకండి."

జితేందర్ అటు వెళ్లలేదు. నాలుగు రోజులు డాబా వైపు తలెత్తి కూడా చూడలేదు. ఆమె ఇక్కడే ఉండాలంటే తను కనబడకూడదట, ఇదెక్కడి న్యాయం దేవుడా అనుకున్నాడు.

"ఏందిరా, అన్నం సగం ఇడుస్తున్నవ్? గా పిల్లతోని పంచాయితీ పెట్టుకున్నవా?" అంది తల్లి అంతమ్మ.

"ఏం లేదవ్వ," అన్నాడు, కళ్లు దించుకుని.

సోమవారం సార్ కారు వచ్చింది, పోయింది. ఉండబట్టలేక జితేందర్ మెట్లన్నీ ఒక్క ఉరుకులో ఎక్కాడు. మిషను అక్కడే ఉంది. పక్కన స్నిగ్ధ.

"సార్ ఏమన్నరు?"

"ఇక్కడనే ఉండుమన్నరు. రోజూ పొద్దటి ఆ పది నిమిషాల రీడింగులు తీసేస్తే మిగతాదంతా మంచిగున్నదంట." కాగితం చాపింది. "ఈ నాలుగు రోజులు చూడండి. గీత ఎంత నున్నగున్నదో!"

"మంచిదే గదా మేడం."

"ఏం మంచి? ఎనిమిదింపావు అయితే చాలు, నా కండ్లు దాని కోసమే చూస్తున్నయి. అది లేవకుంటే నాకు పొద్దు పోతలేదు. అందుకే సార్‌కు చెప్పిన..."

"ఏమని?"

"రేపటి నుంచి గూడ రోజూ పది నిమిషాలు తీసేయాల్సి వస్తదని."

జితేందర్ మొహం నిండా సంతోషం పొంగింది.

మర్నాడు ఎనిమిదింపావుకు గీత ఎప్పటికన్నా రెండింతలు లేచింది. అద్దం దగ్గర ఈసారి ఇద్దరున్నారు.