ఆదివారం భోజనానికి విచ్చేసినవారు

“నేను మీ ఇంట్లో భోంచెయ్యలేదు!”

ఓర్లిన్ ఆర్డిస్‌తో మాట్లాడిన మొదటి అసలైన మాట ఇది. అంతకు ముందు ఆమె వాళ్ళ నాన్న గోధుమల ట్రక్కుని తనే తోలుకుని ధాన్యం గిడ్డంగికి వెళ్ళినప్పుడల్లా, అతను కాటా గదిలోంచి తల బయటపెట్టి, “కాస్త ముందుకి తియ్యండి” అనేవాడు. శీతాకాలమంతా అంతే. ట్రక్కు ముందుకి వెళ్ళింది కానీ మాటలు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

ఆ రోజు గురువారం. జూన్ నెల వాన దంచికొడుతోంది. ఆర్డిస్ వాళ్ళ వెనక గుమ్మంలో నిలువునా తడిసి నిలబడ్డాడు. చొక్కాలోపల దాచి తెచ్చిన వారపత్రిక మాత్రం పొడిగానే ఉంది.

“వినండి, చదువుతాను. ‘గత ఆదివారం శ్రీ ఓర్లిన్ ట్వైట్ గారు కుమారి ఆర్డిస్ ఇంట మధ్యాహ్న భోజనానికి విచ్చేశారు. చికెన్, తియ్యటి రూబార్బ్ ‘పై’ వంటకం వడ్డించబడ్డాయి. అందరూ సరదాగా గడిపారు.’ ఆదివారం నేను గిడ్డంగిలో తెగిన మిషను బెల్టు కుడుతున్నానండీ! పొద్దుణ్ణించీ ఊళ్ళో కనబడ్డవాడల్లా ‘రూబార్బ్ పై ఎలా ఉంది?’ అని అడుగుతున్నాడు!”

“ఏం చెప్పారు?”

“ఏం చెప్తాను? తింటేగా!”

ఆర్డిస్ రెప్ప వెయ్యలేదు. “మా గుడ్రున్ అత్త రాస్తుందండీ ఊరి కబుర్లు. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది పాపం. అయినా పేపర్లో పడ్డాక అబద్ధం ఎలా అవుతుంది? వచ్చే ఆదివారం వచ్చి తినేసి నిజం చెయ్యండి.”

అతను పత్రిక మడిచి మళ్ళీ చొక్కాలో దోపుకున్నాడు. “ఎన్నింటికి?” అన్నాడు.

అప్పుడు ఆర్డిస్ గమనించింది కానీ పట్టించుకోలేదు. అతని గడ్డం మీద అప్పుడే తెగిన గాటు ఉంది. దాని మీద చిన్న కాగితం ముక్క అంటించుకున్నాడు.

ఇది జరిగి యాభై నాలుగేళ్ళయింది.

గుడ్రున్ అత్త పోయాక ఊరి కబుర్లు రాసే పని ఆర్డిస్‌కి వచ్చింది. ఓర్లిన్ గిడ్డంగి నుంచి రిటైరయ్యాక ఆ పనికి రెండో మనిషయ్యాడు. వాళ్ళ వారమంతా ఆ కబుర్ల చుట్టూనే తిరుగుతుంది. సోమవారం ఆర్డిస్ ఫోన్లు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఏం వండారు, ఎన్నింటికి వెళ్ళారు. మంగళవారం ఓర్లిన్ కాఫీకని వెళ్ళి, తనలాంటి ముసలివాళ్ళతో పాచికలు వేసి, గెలిచినా ఓడినా రెండు కబుర్లు పట్టుకొస్తాడు. బుధవారం పొద్దున ఆమె టైపు చేస్తుంది, అతను పెన్సిలు చెవి మీంచి తీసి దిద్దుతాడు. గురువారం పత్రిక. శుక్రవారం ఊరి హాల్లో చేపల వేపుడు. శనివారం ఆమె పార్లర్లో జుట్టు దువ్వించుకుని వచ్చేదాకా అతను కారులో కునుకు. ఆదివారం చర్చి, ఆ తర్వాత చికెన్. జూన్‌లో అయితే పుల్లటి రూబార్బ్ కాడలు కోసి పై చెయ్యాల్సిందే.

దిద్దడంలో ఓర్లిన్ ఎవరి మొహమాటమూ చూడడు. నలభై ఏళ్ళు కాటా దగ్గర కూర్చున్నవాడు మరి.

“‘సుమారు నలభై మంది’ అని రాశావు. ముప్ఫై ఏడుగురు. నేను లెక్కపెట్టాను.”

“పుట్టినరోజు విందులో తలలు లెక్కపెట్టావా?”

“తింటూనే లెక్కపెట్టా.”

ఏటా జూన్‌లో ఆ ఆదివారం వచ్చినప్పుడు మాత్రం కాఫీ కప్పు పైకెత్తి, “గుడ్రున్ అత్త మతిమరుపుకి!” అంటాడు. ఆర్డిస్ కూడా కప్పెత్తుతుంది. ఆ గుక్క మాత్రం ఎప్పుడూ సాఫీగా దిగదు.

ఎందుకంటే అత్తకి మతిమరుపు లేదు. చచ్చేదాకా ఊళ్ళో ప్రతి పిల్లాడి పుట్టినరోజూ నోటికి చెప్పేది. ఆ వారం అత్త జ్వరంతో పడుకుంది. తను చెప్తుంటే కబుర్లు ఆర్డిస్ చేత రాయించి, పత్రికాఫీసులో ఇచ్చిరమ్మని పంపింది. చివర్లో నాలుగు లైన్లు ఖాళీ ఉన్నాయి. శీతాకాలమంతా “కాస్త ముందుకి తియ్యండి” విని విని విసిగిపోయిన ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆ నాలుగు లైన్లు నింపేసింది. పేపర్లో చూశాక అత్త ఆమె వంక ఒక్క చూపు చూసి, “నాకే మతిపోయిందనుకోనీ” అంది. ఆ నింద మోస్తూనే వెళ్ళిపోయింది.

మొన్న సోమవారం పత్రిక ఎడిటర్ స్వయంగా ఇంటికొచ్చి, ఈ వారంతో మూసేస్తున్నామని చెప్పాడు. “మీ కబుర్లు ఆఖరుసారి, ఆర్డిస్ గారూ. ఎంత రాస్తే అంత వేస్తాను.”

సాయంత్రందాకా ఆర్డిస్ ఫోన్లు చేస్తూనే ఉంది, మనసు మాత్రం అక్కడ లేదు. పత్రిక పోతుందన్న దిగులు ఒకటి. అంతకంటే పెద్దది, అత్త పేరు బాగుచెయ్యడానికి ఇక ఒక్క బుధవారమే మిగిలింది. రాస్తే ఓర్లిన్ చదువుతాడు. ముప్ఫై ఏడుని నలభై అంటే ఊరుకోని మనిషి. తన కాపురమంతా ఒక దొంగ వార్త మీద మొదలైందని తెలిస్తే ఏమంటాడు?

బుధవారం మళ్ళీ వాన. వంటింటి బల్ల మీద టైపు మిషన్. ఆర్డిస్ అన్నీ కొట్టేసి, చివర్లో నాలుగు లైన్లు కొట్టి, కాగితం లాగి అతని ముందు పెట్టింది. పెట్టి, ఓవెన్లో చూడ్డానికి ఏమీ లేకపోయినా వెళ్ళి ఓవెన్ తెరిచి చూసింది.

ఓర్లిన్ చదువుతున్నాడు. పెన్సిలు ఒకచోట కామా పెట్టింది. ఇంకోచోట ‘సోదరి’ని ‘చెల్లెలు’గా మార్చింది. చివరికొచ్చి ఆగింది.

“సవరణ,” అని పైకి చదివాడు. “యాభై నాలుగేళ్ళ క్రితం జూన్‌లో, శ్రీ ఓర్లిన్ ట్వైట్ మా ఇంట భోంచేసినట్టు పడిన వార్త అబద్ధం. అది రాసింది గుడ్రున్ గారు కాదు, నేను. ఆవిడకి మతిమరుపు ఎప్పుడూ లేదు.”

పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

“ఏదో ఒకటి అను, ఓర్లిన్. తిట్టు. ఊరికే కూర్చోకు.”

“ఆ గురువారం,” అన్నాడు అతను తాపీగా, “నేను ముందు మీ ఇంటికి రాలేదు. పత్రికాఫీసుకెళ్ళాను, తగువు పెట్టుకుందామని. అప్పటి ఎడిటరు అసలు కాగితం తీసి నా మొహాన కొట్టాడు. ‘ముసలావిడ జ్వరంతో ఉంది, ఆ అమ్మాయే తెచ్చిచ్చింది. చదువుకో!’ అన్నాడు.”

ఆర్డిస్ ఓవెన్ తలుపు వదిలేసింది. అది ధడాలున మూసుకుంది.

“నీకు తెలుసా?”

“నీ చేతిరాతే. కాటా పుస్తకంలో నువ్వు సంతకం పెట్టినప్పుడల్లా చూసేవాణ్ణిగా.”

“తెలిసీ మా గుమ్మంలోకొచ్చి అరిచావా!”

“అరవక ఏం చెయ్యను? మీ ఇంటికి రావడానికి నాకు దొరికిన సాకు అదొక్కటే. ఇంటికెళ్ళి, గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని, దారంతా ఏమని అరవాలో బట్టీపట్టి వచ్చాను. కంగారులో గడ్డం కూడా కోసుకున్నాను.”

కాగితం ముక్క! ఆర్డిస్ కుర్చీలో కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

“మరి ఏటా ఆ కాఫీ కప్పు ఎత్తడం? ‘మతిమరుపుకి’ అనడం? దొంగ మొహమా! నేనెంత ఉడికిపోయానో తెలుసా?”

“నీ మొహం చూడ్డానికే. ఈ ఏడు చెప్తుందేమో, ఈ ఏడు చెప్తుందేమో అనుకునేవాణ్ణి.”

“నువ్వే అడిగుండొచ్చుగా!”

“అడిగితే అయిపోయేదిగా. అయినా గుడ్రున్ అత్తకి నాకు తెలుసని తెలుసు. పెళ్ళినాడే చెప్పాను. ‘నువ్వు నోరు మూసుకుంటే నేనూ మూసుకుంటాను’ అంది.”

ఆర్డిస్ ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళుగా తను మోసిన బరువుని వాళ్ళిద్దరూ పక్కనే నడుస్తూ చూస్తూనే ఉన్నారన్నమాట. ఆమెకి కోపం రావాల్సిన చోట ప్రేమ పొంగుకొచ్చింది. ఈ మనిషి తన కోసం గడ్డం కోసుకున్నాడు.

“సవరణ ఉంచనా, తీసెయ్యనా?” అంది.

“ఉండాల్సిందే. ఆవిడ పేరు బాగుచెయ్యాలి. కానీ ఒక తప్పుంది.” పెన్సిలు చెవి మీంచి మళ్ళీ తీశాడు. ‘అబద్ధం’ అన్న మాట మీద నిదానంగా గీత కొట్టి, పైన ఏదో రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు.

‘వారం ముందుగానే పడింది’ అని ఉంది.

ఆర్డిస్ దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత కాగితాన్ని మళ్ళీ మిషన్‌లోకి ఎక్కించింది.

“ఇంకేం మిగిలింది?” అన్నాడు ఓర్లిన్.

“ఆఖరి వాక్యం. ప్రతి కబురుకీ ఉంటుందిగా, దీనికి పెట్టలేదు.”

ఆమె టైపు చేస్తుంటే అతను వెనకనుంచి వంగి, భుజం మీద చెయ్యేసి, ఒక్కో అక్షరం చూశాడు.

‘అందరూ సరదాగా గడిపారు.’

పెన్సిలు దించాడు. ఇందులో దిద్దాల్సిందేమీ కనబడలేదు.