తాళం పట్టుకుని నిలబడితే

నేత్రావతికి ప్రిన్స్ మీద మొదట వచ్చింది కోపం. కృతజ్ఞత ఆ సాయంత్రానికే వచ్చింది. ప్రేమ మాత్రం తొందరపడలేదు. మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో రోజుకింత చొప్పున ప్రయాణం చేసి, మూడు నెలలకు గాని చేరలేదు.

ఆమెది బేతమంగళ పక్కన పల్లె. నాయన ఆంజనప్ప రాగి పండించి, పట్టుగూళ్లు అమ్మి, రెండు ఆవుల పాలు డెయిరీకి పోసి కూతుర్ని ఇంజనీరింగ్ చదివించాడు. బెంగళూరులో, పాలలో వెన్న ఎంతుందో కొలిచే మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఆమెకు ఉద్యోగం దొరికింది. ఆ మిషన్ మాట కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే డ్రైవర్ ప్రోగ్రామ్ రాయడం ఆమె పని. డ్రైవర్ అంటే బండి నడిపేవాడు కాదని నాయనకు నచ్చజెప్పడానికి ఒక పండగ సెలవంతా సరిపోయింది.

పొద్దున రైల్లో సీటు కావాలంటే బస్సులో మారికుప్పం దాకా వెళ్లి, బండి బయలుదేరే చోటే ఎక్కాలి. ఆ రోజు వాన. నేత్రావతి కిటికీ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. మిషన్ బాగానే పనిచేస్తుంది గాని, కేబుల్ పీకితే చాలు, కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతోంది. అయిదు రోజులుగా ఇదే వరస. శుక్రవారంలోగా సరిచేయకపోతే ప్రొబేషన్‌లోనే ఉద్యోగం సరి అని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు.

కోరమండల్ స్టేషన్‌లో ఒక అబ్బాయి సగం తడిసి ఎక్కి, ఆమె పక్కన కూర్చున్నాడు. బంగారుపేట దాటేదాకా వాన చూస్తున్నట్టు నటించాడు. ఆ తరువాత ఆగలేకపోయాడు.

"మేడమ్, మీరు తాళం చేతిలో పట్టుకొని అందరికోసం ఎదురుచూస్తా ఉండారు."

నేత్రావతి ల్యాప్‌టాప్ టప్పున మూసింది. "పక్కోళ్ల స్క్రీన్‌లోకి తొంగిచూసేది మీ ఊర్లో మర్యాదా?"

"కాదు. ఈ తప్పు నేనూ చేసినాను మేడమ్. అందుకే నోరు ఆగలేదు."

అతని పేరు ప్రిన్స్. వేరే కంపెనీలో అతనిదీ అదే పని. తాత, నాయన కోలారు బంగారు గనిలో దిగినవాళ్లు. గనులు మూతపడ్డాక, ఆ ఇంట్లో భూమి మీదే కూర్చుని జీతం తెచ్చిన మొదటివాడు ఇతను. ఆమె వినను అన్నట్టు కిటికీ వైపు తిరిగినా, తన పాటికి తాను చెప్పుకుంటూ పోయాడు.

వాళ్ల వీధికంతా ఒకటే కొళాయి అట, దానికో తాళం. ఒకసారి గురువమ్మ అనే పొరుగావిడ ఊరికి పోవాలి. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. అందరూ నీళ్లు పట్టుకున్నాకే చెవి అప్పగించి పోతానని, దాన్ని కొంగున ముడేసుకుని బిందెల వరస చివర కూర్చుంది. ముందున్న బిందె నిండాలంటే ఆ చెవే కావాలి. ఆవిడ వాళ్లకోసం, వాళ్లు ఆవిడకోసం. అడగడానికి అందరికీ మొహమాటం. పొద్దెక్కేదాకా ఒక్క బిందె కూడా నిండలేదు.

నేత్రావతికి నవ్వు వచ్చింది, వెంటనే ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచింది. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్ కెర్నెల్‌లో, డ్రైవర్లన్నీ తమ చిన్న చిన్న పనులు వేసుకునే ఉమ్మడి క్యూ ఒకటి ఉంటుంది. కేబుల్ పీకగానే ఆమె కోడ్ ఒక తాళం వేసి పట్టుకుని, ఆ క్యూలో ఉన్న పనులన్నీ అయ్యేదాకా ఆగుతోంది. అందులో ఆమె మిషన్ పనే ఒకటి, అదే తాళం కోసం నిలబడి ఉంది.

అందరికోసం ఎందుకు ఆగాలనిపించిందని అతను అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. వాళ్ల ఊరి డెయిరీలో ఆఖరి క్యాను పాలు పోసేదాకా ఎవరూ కదలరు. ముందు వెళ్లిపోతే ఏం మనిషి అంటారు. కోడ్ రాసేటప్పుడు చెయ్యి తెలియకుండానే ఆ మర్యాద పాటించింది.

"మంచి మర్యాదే, కానీ ఈడ పనికిరాదు," అన్నాడు ప్రిన్స్. "ముందు తాళం వదలండి. మీ పని ఒక్కటి రద్దు చేసుకొని, అది ఆగిందా లేదా చూసుకొని పొండి. ఊరి పనులతో మీకేమి?"

ఆ సాయంత్రం ఆఫీసులో ఆమె కేబుల్ నలభైసార్లు పీకింది. ఒక్కసారీ కంప్యూటర్ బిగుసుకోలేదు. బాత్రూమ్‌లోకి పోయి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది. మర్నాడు రైల్లో థ్యాంక్స్ అనే చిన్న మాట మాత్రం అనలేకపోయింది. ఇంటి నెయ్యి సీసా అతని చేతిలో పెట్టి, మీ అమ్మకి ఇవ్వమంది.

ఆ రోజు నుంచి, అతను ఎక్కే కోరమండల్ దాకా పక్క సీటు మీద ఆమె దుపట్టా కాపలా కాసేది. అతని తల్లి జూలియా పంపిన టిఫిన్ ఇటు వచ్చేది, మామిడికాయలు అటు పోయేవి. మీరు కాస్తా నువ్వు అయింది. చూపులు మాత్రం ఎదురుపడి పక్కకు తప్పుకునేవి. దిగాల్సిన వైట్‌ఫీల్డ్ అంత తొందరగా ఎందుకొస్తుందో ఇద్దరికీ అర్థమయ్యేది కాదు.

ఇంతలో ముళబాగిలు నుంచి సంబంధం వచ్చింది. సోమవారం మాటిచ్చేస్తానని, మనసులో ఎవరన్నా ఉంటే ముందే చెప్పమని ఆంజనప్ప కూతుర్ని అడిగాడు. ప్రిన్స్ నోరు తెరవందే ఆమె ఏమని చెబుతుంది? శుక్రవారం రైల్లో అతనికే సంగతి చెప్పింది. అతని ముఖం వాడిపోయింది. పెళ్లికాని అక్క ఇంట్లో ఉండగా తన మాట ఎత్తడం న్యాయం కాదని మాత్రం అన్నాడు. ఆదివారం భోజనానికి రమ్మని జూలియా ఎప్పటినుంచో పిలుస్తోంది. ఇదే ఆఖరుసారి అనుకుని నేత్రావతి వెళ్లింది.

వంటింట్లో అక్క ఏంజెలిన్ చేపలు వేయిస్తోంది. నేత్రావతి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. మాటల్లో మాటగా, ఆమెను పెళ్లి చేసుకుంటానంటున్న మైఖేల్ సంగతి బయటపడింది.

"రెండేండ్లుగా అడుగుతా ఉండాడు పాపం," అంది ఏంజెలిన్. "నేను పోతే అమ్మని చూసేదెవరు? ప్రిన్స్‌కి ఒక పిల్ల వస్తే ఆ దినమే పోతాను. వాడేమో పెళ్లి మాటే ఎత్తడు."

నేత్రావతి చేతిలో కత్తి ఆగింది. కళ్లలో నీళ్లు ఉల్లిపాయవో నవ్వువో కోపానివో ఆమెకే తెలియలేదు. లేచి, ప్రిన్స్ కూర్చున్న వరండాలోకి వచ్చింది.

"మీ అక్క నీ పెళ్లికోసం ఆగింది ప్రిన్స్. నువ్వు ఆమె పెళ్లికోసం ఆగినావు. రైల్లో నాకు అంత బాగా చెప్పినోడివి, ఇంట్లో ఏం చేస్తా ఉండావు?"

అతనికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక తల వంచుకున్నాడు.

"నువ్వు నాకు ఉద్యోగం నిలబెట్టినావు," అంది ఆమె మెల్లగా. "దానికి థ్యాంక్స్ ఇంతదాకా చెప్పలేదు, ఇప్పుడు చెప్తా ఉండాను. ఇంగ నీ ఒక్క మాట కోసం ఆగుతాను. అందరి పనులూ అయ్యేదాకా ఆగలేను."

ప్రిన్స్ లేచి నేరుగా వంటింట్లోకి నడిచాడు. "అక్కా, నాకు నేత్రా అంటే ఇష్టం. పెళ్లి చేసుకోవాలని ఉండాది. నువ్వు నాకోసం ఆగొద్దు, మైఖేల్‌కి ఫోన్ చెయ్యి."

ఏంజెలిన్ పొయ్యి ఆపింది. ఒకరినొకరు ఒక్క మాట అడగడానికి మనకి రెండేండ్లు పట్టిందిరా అంటూ తమ్ముడి వీపు మీద ఒకటి వేసి, ఫోన్ తీసుకుని గదిలోకి పోయింది. జూలియా నేత్రావతి చెంప నిమిరి, పొద్దున మొదటి బస్సుకే మీ ఇంటికి వస్తానంది.

నేత్రావతి ఆ సాయంత్రమే ఇంట్లో అంతా చెప్పేసింది. సోమవారం పొద్దున తల్లీ కొడుకులు వచ్చేసరికి ఆంజనప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గుడి, చర్చి, బంధువుల నోళ్లు అన్నీ ఆయన మనసులో నలుగుతున్నాయి. కాఫీలు అయ్యాయి. నేత్రావతి తలుపు పట్టుకుని నిలబడింది.

"మా పిల్ల ఉద్యోగం నిలబెట్టింది నువ్వేనంట కదప్పా," అన్నాడు చివరికి.

"లేదప్పా. తప్పు యాడుందో చెప్పినాను, అంతే. సరిచేసింది ఆమె. ఆ దినం నలభైసార్లు పరీక్ష చేసిందంట. నేనైతే నాలుగుసార్లు చూసి ఇంటికి పోయుందును."

ఆంజనప్ప కూతురి వైపు చూశాడు, మళ్లీ ఆ అబ్బాయి వైపు చూశాడు.

"ఎన్నో సంబంధాలు చూసినాను. పిల్ల నాకంటే మేలని చెప్పిన మగబిడ్డను ఇదే మొదటిసారి చూసేది," అన్నాడు. తరువాత జూలియా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "బిడ్డను బాగా పెంచినావు తల్లీ. ముళబాగిలోళ్లకి నేనే పోయి చెప్పుకుంటాను."