ఎడమ మలుపుకు ముందు

వెనక బండి వదలడం లేదు!

ప్రణాలి అద్దంలోకి చూసింది. నల్ల హెల్మెట్. దించిన గాజు. ముఖం కనిపించడం లేదు.

జోడ్‌భావి పేట్‌లో రేసు బండ్ల షెడ్డు దగ్గర వెంటపడ్డాడు. నీలం నగర్ దాకా వచ్చేశాడు. హారన్... హెడ్‌లైట్... మళ్ళీ హారన్!

సాయంత్రం ఐదు. సందుకు రెండు వైపులా మరమగ్గాల మోత. ఇక్కడ ఎవరు అరిచినా ఎవరికీ వినపడదు.

జాకెట్ జేబులో ఇనుప ముక్క పక్కటెముకలకు గుచ్చుకుంటోంది. రేసు బండి మీద కాలు పెట్టుకునే పెగ్గు.

అన్న మంగేశ్‌ను పడేసిన పెగ్గు!

మూడు వారాల కిందట రేస్ ట్రాక్ మీద ప్రాక్టీసు. ప్రణాలి బండిలో ఏదో శబ్దం వస్తోందని మంగేశ్ తనే ఒక రౌండు వేసి చూస్తానన్నాడు. మూడో మలుపులో బండి ఎగిరిపడింది. ఆ రోజు మూసిన కళ్ళు ఆసుపత్రిలో ఇంకా తెరవలేదు.

"తప్పు మంగేశ్‌దే. పాదం బయటికి వేలాడేసిండు, వేలు రోడ్డుకు తగిలింది" అని తేల్చేశాడు కోచ్ వినాయక్.

ప్రణాలి నమ్మలేదు. పాదం సంగతి ఆమెకు నేర్పిందే అన్న.

"పెగ్గు మీద అరికాలు పెట్టకే... వేళ్ళ ఎనక మెత్తగ ఉంటది సూడు, గది పెట్టు. మడమ లోపటికి తిప్పి గాడీకి ఆనించు. అప్పుడు వేలు రోడ్డుకు తగలమన్నా తగలదు!"

అలాంటివాడు పాదం వేలాడేస్తాడా?

ఆసుపత్రి వాళ్ళిచ్చిన బూట్లు తిప్పి తిప్పి చూసింది. ముందు కొసల మీద ఒక్క గీత కూడా లేదు!

ఇవాళ వినాయక్ టీకి వెళ్ళగానే షెడ్డులో దూరింది. పడిపోయిన బండి కింద వెతికితే విరిగిన పెగ్గు దొరికింది. దాని బోల్టు సగం దాకా రంపంతో కోసి ఉంది!

షెడ్డు వినాయక్‌ది. బండ్లు చూసేదీ వినాయకే. అంటే వెనక వస్తున్నది...

కుడి మలుపు!

బ్రేక్. ఒక గేరు కిందికి. నడుము సీటు మీంచి సగం కుడికి జారింది. కుడి మోకాలు తెరుచుకుంది. ఎడమ తొడ ట్యాంకును పట్టేసింది. గడ్డం కుడి చేతి మీదికి. చూపు గోడ మీద కాదు... మలుపు చివర!

దాటేసింది.

అద్దంలో వాడూ దాటేశాడు. అచ్చం అలాగే. కుడి మోకాలు బార్లా తెరిచి!

ప్రణాలి మళ్ళీ అద్దంలోకి చూసింది.

వినాయక్ కుడి మోకాల్లో స్టీలు రాడ్ ఉంది. అది అంతగా వంగదు!

మరి ఎవరు?

అద్దంలో వాడి పాదం వైపు చూసింది. ముందు భాగమే పెగ్గు మీద ఉంది. మడమ లోపలికి తిరిగి బండికి ఆనుకుని ఉంది. మంగేశ్ దగ్గర కూర్చోబెట్టి అలా నేర్పింది ఇద్దరికే. ఒకరు తను. ఇంకొకరు...

ఛ! కాదు!

ఎదురుగా ఎడమ మలుపు. ప్రణాలి ఎడమకు జరగబోయింది...

పక్కనుంచి దూసుకొచ్చి అడ్డం తిరిగింది ఆ బండి!

ప్రణాలి బ్రేకులు గట్టిగా నొక్కింది. తన బండి ఆగింది. అది ఆగలేదు. పక్కకు ఒరిగి, రోడ్డంతా గీసుకుంటూ వెళ్ళి గోడకు కొట్టుకుంది.

ప్రణాలి దిగి పరుగెత్తింది. హెల్మెట్ గాజు పైకెత్తింది.

ఋతుజ!

చిన్ననాటి దోస్తు. జట్టులో తన తర్వాతి రైడర్. మూడు వారాలుగా ఆసుపత్రి బెంచీ మీద తన పక్కనే కూర్చున్న మనిషి!

"నువ్వా? బోల్టు కోసింది నువ్వానే?"

ఋతుజ పెదవి మీద రక్తం. "నేనే. నువ్వు పడాలని కోసిన. పెద్ద రేసుకు ఆడోళ్ళ సీటు ఒక్కటే ఉండె. మంగేశన్న ఎక్కుతడని నాకేం తెలుసే!"

"ఇప్పుడు నన్ను చంపనీకి ఉరికొచ్చినవా?"

"కాదే... ఆపనీకి!" ఋతుజ దగ్గింది. "నువ్వు షెడ్డుల ఎతుకుతుంటే సూసి, దొరికిపోతనని భయపడి బయటున్న నీ గాడీ కుడి పెగ్గు నట్టు విప్పిన. నువ్వెళ్ళిపోంగనె మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు లేపుతలేవంట. అన్న కండ్లు తెరిచిండంట ప్రణూ! ముందుగాల నీ పేరే తీసిండంట. ఇగ నాతోని కాలే. థాంబ్, థాంబ్, ఆగే అని ఎంత మొత్తుకున్నా నువ్వు ఆగలే!"

"ఝూట్!"

"ఎడమ మలుపుల బరువంతా కుడి కాలు మీదనే పడుతది. గీ మలుపు తిరిగి ఉంటే..."

ప్రణాలి ఫోన్ తీసింది. సైలెంట్‌లో ఉంది. అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్.

అయినా నమ్మలేదు. బండి దగ్గరికి నడిచింది. కుడి బూటు పెగ్గు మీద ఆనించింది. మెల్లగా నొక్కింది.

ఠంగ్!

పెగ్గు ఊడి రోడ్డు మీద పడింది.

ప్రణాలి వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిరిగి చూసింది. ఋతుజ గోడకు తల ఆన్చి ఏడుస్తోంది.

ముందు అంబులెన్సుకు ఫోన్ చేసింది.

ఆ తర్వాత... పోలీసులకు!