ఇరవై ఏడో అంతస్తు ఏడుపు

ఆ భవనం లిఫ్టులో బటన్లన్నీ వేళ్ళు తగిలి తగిలి మాసిపోయాయి. ఇరవై ఏడో నంబరు ఒక్కటే ఇంకా కొత్తగా మెరుస్తూ ఉంటుంది. దాన్ని నొక్కే మొనగాడు ఎవరూ లేరు మరి.

మొత్తం యాభై నాలుగు అంతస్తులు. పగలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. చీకటి పడ్డాక మాత్రం... ఇరవై ఏడు దాటేటప్పుడు లిఫ్టులో మాటలు ఆగిపోతాయి. నలభయ్యో అంతస్తులో ఉండే బ్యాంకు మేనేజరు ఒకాయన "దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు" అంటూనే కళ్ళు గట్టిగా మూసుకుంటాడట.

ఆ అంతస్తుకి గోడలు లేవు, కిటికీలు లేవు. ఉత్త స్తంభాలు, వాటి మధ్యలోంచి గాలి. అంత ఎత్తు భవనాన్ని గాలి ఊపేయకుండా, గాలికే దారి వదిలేశారన్నమాట. ఎక్కడెక్కడి దేశాల పత్రికలూ దాని బొమ్మ అచ్చేశాయి. అమ్మకాల పుస్తకంలో దాని పేరు 'గాలి వాకిలి'. ఆ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు పెట్టిన పేరు 'ఏడుపు అంతస్తు'. రెండో పేరే నిలిచింది.

ఎందుకంటే రాత్రి పదయ్యాక అక్కడ ఎవరో ఏడుస్తారు. మొదట సన్నగా... గొంతు పూడుకుపోయినట్టు... తర్వాత ఒక్కసారిగా పైకి లేచి, మళ్ళీ ఎక్కిళ్ళలోకి దిగుతుంది. భవనం కట్టేటప్పుడు అక్కణ్ణుంచి పడి చచ్చిపోయిన వెల్డరని చెప్పుకుంటారు. తాగి ఎక్కాడట, కాలు జారిందట, ఇంటికి దారి తెలియక అక్కడే తిరుగుతున్నాడట. చిలవలు పలవలు ఎన్ని కావాలంటే అన్ని.

ఈ కథ చెప్పేవాళ్ళంతా ఇక్కడే ఆపేస్తారు. నేను విన్నది ఆ తర్వాతి సంగతి.

ఆ భవనాన్ని గీసినావిడని పనివాళ్ళు డిజైనరమ్మ అని పిలిచేవారు. ఒక సాయంత్రం ఆవిడకి భవనం మేనేజరు ఫోన్ చేశాడు. "మేడమ్, మూడు నగరాల నుంచి పెద్దలు రేపు వస్తున్నారు. ఇలాంటి భవనాలే కట్టుకుంటారట. రేపు రాత్రి ముప్ఫయ్యో అంతస్తు గెస్టు గదుల్లో పడుకుంటారు. ఆ ఏడుపు వాళ్ళ చెవిన పడిందంటే... మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

"నేను చూసుకుంటాలెండి" అందావిడ.

అదేమిటో ఆవిడకి తెలుసు. దెయ్యమూ కాదు, పాడూ కాదు. ఆ అంతస్తు అంచున అందం కోసం నిలువునా బిగించిన ఇనప పట్టీలు. వాటి అంచులు మడవమని ఇంజనీర్లు చెప్పారు. మడిస్తే లావుగా కనపడతాయని, కత్తిలా సన్నగా ఉంచమని పట్టుబట్టింది ఆవిడే. సన్నటి అంచుకి గాలి తగిలితే మూలుగుతుంది. పగలు ఊరి రొదలో వినపడదు, అంతే సంగతి. రెండేళ్ళుగా తెలిసీ ఒక్కరికీ చెప్పలేదు. దెయ్యం అనుకుంటే అనుకోనీ, నా గీత తప్పని తెలియకపోతే చాలు అనుకుంది.

రాత్రి పదకొండింటికి సంచిలో నాలుగు టేపు చుట్టలు వేసుకుని లిఫ్టెక్కింది. ఇరవై ఏడు నొక్కింది.

తలుపు తెరుచుకుంది...

చీకటి. మొహం మీద గాలి విసురు. చుట్టూ ఊరి దీపాలు ఎక్కడో అడుగున. పైన ఒక్క బల్బు, అదీ ఆగి ఆగి వెలుగుతోంది.

ఏడుపు మొదలైంది.

కారణం తెలిసిన మనిషికే వెన్నులో చలి పుట్టిందంటే, తెలియనివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆవిడ పళ్ళ బిగువున నడిచింది. అంచు దగ్గర రెయిలింగ్ పట్టుకుని, చెయ్యి చాపి, మొదటి పట్టీ అంచు పొడుగునా టేపు మడిచి అంటించింది.

ఒక గొంతు తగ్గింది.

రెండో పట్టీ. మూడో పట్టీ. ఒక్కొక్కటీ అంటిస్తున్నకొద్దీ ఏడుపు పలచబడుతోంది. చివరి పట్టీ మూలన ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది.

వెల్డరు పడింది అక్కణ్ణుంచే.

రెండేళ్ళ కిందట, అతను పడిన సాయంత్రం, పనివాళ్ళంతా దిగిపోయారు. మర్నాడు తెల్లవారకముందే ఫొటోలు తీసేవాళ్ళు వస్తున్నారు. ఆ మూల పట్టీ వేలెడంత పక్కకి వంగి కనిపించింది ఆవిడకి. వెల్డరు సామాను సర్దుకుంటున్నాడు. "గాలి ఎక్కువగా ఉందమ్మా, పొద్దున చేస్తాను" అన్నాడు. "ఐదు నిమిషాల పనికి పొద్దున దాకా ఎందుకయ్యా?" అందావిడ. అతను ఇంకో మాట అనకుండా ఎక్కాడు. పడకుండా నడుముకి కట్టుకున్న బెల్టు తాడు ఆ మూలదాకా అందలేదు. కొక్కెం విప్పాడు...

మూడో రోజున కంపెనీవాళ్ళు ఒక కాగితం తెచ్చారు. చనిపోయిన వ్యక్తి తాగి ఉన్నాడు, ఎవరూ చెప్పకుండానే ఎక్కాడు — అని ఉంది అందులో. ఆవిడ చదివింది. సంతకం పెట్టింది. ఆ తర్వాత బహుమతులు ఇచ్చిన సభల్లో ఎన్ని చప్పట్లు కొట్టినా, ఆవిడకి తలెత్తి జనం వంక చూడబుద్ధయ్యేది కాదు. సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గుని అణకువ అనుకుని జనం ఇంకాస్త మెచ్చుకునేవారు.

కళ్ళు మూసుకుని చివరి పట్టీకి టేపు అంటించింది.

గాలి వీస్తూనే ఉంది... చప్పుడు లేదు.

"హమ్మయ్య" అనుకుంది.

అప్పుడు వినపడింది. చిన్నగా. వెనకాల. స్తంభం చాటున...

ఏడుపు ఆగలేదు.

గుండె గుభేలుమంది. పట్టీలన్నీ మూసేసింది తను. తన చేతులతో మూసింది. మరి ఇదేమిటి?

"ఆపేశారా అమ్మా?" — గుసగుసగా ఒక ఆడగొంతు.

బల్బు వెలిగింది. స్తంభానికి ఆనుకుని నేల మీద ఒక మనిషి. నీలం రంగు యూనిఫాం, పక్కన బకెట్టు, తుడుపు కర్ర. కొంగు లేదు కాబట్టి చేతి తొడుగుతోనే కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎవరు నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు?"

"రాత్రి డ్యూటీనమ్మా. మెట్లు తుడుస్తాను." చేతి తొడుగు తీసేసింది. "ఇక్కణ్ణుంచి పడినతను మా ఆయన."

డిజైనరమ్మ రెయిలింగ్ పట్టుకుంది.

"అది ఆయన ఏడుపు కాదు" అంది ఎలాగో. "గాలి. ఈ పట్టీల వల్ల..."

"తెలుసమ్మా. ఇవి అతికించింది ఆయనే కదా. అంచు మడవకపోతే అరుస్తాయని ఇంట్లో చెప్పేవాడు." ఆ మనిషి గొంతు మామూలుగానే ఉంది. "తాగి పడ్డాడని రాశారు. మా పిల్లని బడిలో అదే అంటారు. పండక్కి కూడా ముట్టని మనిషి. ఆ పూట ఆయన్ని ఎవరు ఎక్కమన్నారో మీకేమైనా తెలుసా?"

ఇదే ప్రశ్న రెండేళ్ళ కిందట విచారణలో బల్ల ముందు కూర్చోబెట్టి అడిగారు. అప్పుడు నీళ్ళు నమిలి, తెలియదంది. ఇప్పుడు కూడా అనొచ్చు. చూసేవాళ్ళు లేరు. తెల్లవారితే మూడు నగరాల పెద్దలు చేతులు కలపడానికి వస్తారు.

ఎదురుగా ఉన్న మనిషి వంక చూడడానికి ముఖం చెల్లలేదు.

"నేనే" అంది నేల చూస్తూ. "పొద్దున చేస్తానన్నాడు. నేనే వినలేదు. తాగి లేడు. తెలిసే సంతకం పెట్టాను. నన్ను... మీరు నన్ను ఏమన్నా పడతాను."

ఆ మనిషి తుడుపు కర్ర ఊతగా లేచి నిలబడింది.

"ఎక్కే ముందు నాకు ఫోన్ చేశాడమ్మా. డిజైనరమ్మ ఒక్క పట్టీ సరిచేయమంది, అరగంట ఆలస్యమవుతుంది, పిల్లకి అన్నం పెట్టేయ్ అన్నాడు. కంపెనీ ఆఫీసులో ఆ మాటే చెప్పాను. వాళ్ళు మీ సంతకం చూపించారు."

"అయితే... నేనని మీకు ముందే తెలుసా?"

"తెలుసు. మీ ఇంటికి మూడుసార్లు వచ్చాను. గేటు దగ్గరే పంపేశారు. అందుకే ఇక్కడ పనికి చేరాను. ఈ చప్పుడు విని, మా ఆయన ఏడుస్తున్నాడని ఒకే ఒక్కసారి అన్నాను, లిఫ్టులో, నా తోటి పనామెతో. వారం తిరిగేసరికి ఆ మాట యాభై నాలుగు అంతస్తులూ ఎక్కింది." బకెట్టు చేతికి తీసుకుంది. "మనిషి చచ్చిపోయాడంటే మీరెవరూ రాలేదు. దెయ్యమంటే ఎవరో ఒకరు రాకపోరు అనుకున్నాను. రెండేళ్ళు పట్టింది."

డిజైనరమ్మకి ఒళ్ళంతా జలదరించింది. దెయ్యాన్ని చూసి ఉన్నా అంత భయపడేది కాదేమో.

"క్షమించమని అడిగే అర్హత కూడా..."

"నాకు చెప్తే ఏం లాభమమ్మా? నాకు తెలిసిందేగా." లిఫ్టు బటన్ నొక్కింది. "కింద చెప్పండి."

ఇద్దరూ లిఫ్టులో దిగారు. కింద హాల్లో మేనేజరు కుర్చీలోంచి గబగబా లేచాడు. సెక్యూరిటీవాళ్ళు ఇద్దరూ దగ్గరికి వచ్చారు. అర్ధరాత్రి పార్టీ నుంచి తిరిగొస్తున్న ఒక కుటుంబం కూడా లిఫ్టు దగ్గర ఆగిపోయింది.

"ఆగిపోయినట్టుంది మేడమ్" అన్నాడు మేనేజరు నెమ్మదిగా. "ఏమిటండీ అది? నిజంగా వాడేనా?"

డిజైనరమ్మ పక్కకి చూసింది. ఆ మనిషి ఆవిడ వంక చూడటం లేదు. బకెట్టు కింద పెట్టి, నేల తుడవడం మొదలుపెట్టింది.

"చప్పుడు గాలిది. నేను గీసిన గీతలో తప్పు" అంది డిజైనరమ్మ. "ఆ వెల్డరు తాగి లేడు. వద్దన్నా వినకుండా ఎక్కించింది నేను. కాగితం మీద అబద్ధం రాస్తే సంతకం పెట్టిందీ నేనే."

మేనేజరు "మేడమ్, మేడమ్, రేపు మాట్లాడుకుందాం" అని గొణిగాడు.

సెక్యూరిటీవాళ్ళలో ఒకతను పెద్దవాడు. ఆ భవనంలో ఏం జరిగినా పుస్తకంలో ఎక్కించడమే అతనికి తెలిసిన పని. బల్ల మీద పుస్తకం తెరిచి, టైము వేసి, పెన్ను పట్టుకుని తలెత్తాడు. "కాస్త నెమ్మదిగా చెప్పండమ్మా, రాసుకోవాలి."

తుడుపు కర్ర చప్పుడు ఆగింది.

డిజైనరమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పింది — ఒక్కొక్క మాటే, అతను రాసేదాకా ఆగి ఆగి.