డౌట్లున్నవాళ్లు ఉండండి

"క్యాంపస్ పక్కన ఇంగ్లీషు చెప్పు. చెబుతూ విదేశీ ముఠా మనిషిని పట్టుకో."

చీఫ్ సోమయాజులు ఇచ్చిన అసైన్‌మెంట్ అది. అందులో మొదటి సగమే ఏజెంట్ రఘువీర్ ప్రాణం తోడేసింది. తార్నాకలో అద్దె గది, ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలకు ఉచిత క్లాసు. బయట తెలంగాణ నినాదాలు, లోపల ప్రిపొజిషనల్ ఫ్రేజులు. 'ఇన్ ద మార్నింగ్' అని చెబితే 'ఆన్ ద మార్నింగ్' అని రాసేవాళ్లు. దిద్దితే మళ్లీ అదే. దీనికంటే దేశాన్ని కాపాడటం నయమనిపించేది.

పాఠం మధ్యలో చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొణిగాడు.

"సాయంత్రం నీ క్లాసురూములో ఉద్యమ విద్యార్థుల మీటింగ్. అందుకోసం బాంబు పెట్టారు, నీ టేబుల్ కిందే ఉంది. కౌముది డబుల్ ఏజెంట్. ఆమె లిప్‌స్టిక్కే రిమోట్."

కౌముది వెనక బెంచీలో, కూలింగ్ గ్లాసెస్ తలమీదికి తోసుకుని, స్టూడెంట్ వేషంలో కూర్చుంది. రఘువీర్‌కు సాయంగా ఆమెను పంపింది ఆఫీసే. ఏం చెప్పాలి వీళ్లకి?

పిల్లలు బెదిరి పరిగెత్తితే, ఆమె ముందే బయటికి దూకి నొక్కేస్తుంది. రఘువీర్ నిట్టూర్చి, ఏ క్లాసునైనా క్షణంలో ఖాళీ చేసే మాట అన్నాడు.

"ఇవాళ్టికి చాలు. డౌట్లున్నవాళ్లు ఉండండి."

గది ఖాళీ. కానీ అతని చూపు టేబుల్ కిందికి పోవడం కౌముది గమనించింది. లిప్‌స్టిక్ తీసి గుమ్మం వైపు నడిచింది. వరండా దాటితే నొక్కుతుంది.

ముందు బెంచీలో కృపారాణి మాత్రం కదల్లేదు. ఊరి నుంచి వచ్చి మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకుని, పరీక్షలు రాసి రాసి తప్పుతున్న పిల్ల.

"నాకున్నది సార్, డౌట్."

రఘువీర్‌కు నిజంగా భయమేసింది. తనొక్కడైతే సరేననుకున్నాడు.

"రేపు చెప్తానమ్మా. నువ్వు వెళ్లు."

"ఎప్పుడడిగినా రేపే అంటరు. 'ఎట్ తార్నాక' అని రాయాల్నా, 'ఇన్ తార్నాక' అని రాయాల్నా?" అంటూ లేచి వెనక్కి తిరిగింది. "అక్కా, పోకు. నీ ఇంగ్లీష్ మంచిగుంటది. నువ్వన్న చెప్పు."

పరుగున వెళ్లి, కౌముది రెండు చేతులూ పట్టుకుని బోర్డు దగ్గరికి లాక్కొచ్చింది.

కౌముది బొటనవేలు అప్పటికే లిప్‌స్టిక్ మూత మీద ఉంది. కానీ బాంబు పక్కన నిలబడి నొక్కేంత భక్తి ఆమెకు ఏ దేశం మీదా లేదు. రఘువీర్ ఆ లిప్‌స్టిక్ లాగేసి, ఆమె చేతిలో చాక్‌పీసు పెట్టాడు.

ఆఫీసువాళ్లు వచ్చి కౌముదినీ, బాంబునూ తీసుకెళ్లాక ఇయర్‌పీస్ మళ్లీ పలికింది. "శభాష్. రిపోర్టు ఇంగ్లీషులో పంపు. పోయినసారి ప్రిపొజిషన్లన్నీ తప్పులే."

రఘువీర్ కుర్చీలో కూలబడ్డాడు.

"మరి నా డౌట్ సార్?" అంది కృపారాణి.

"రేపు చెప్తాను."

"రేపు బంద్ ఉన్నది సార్."